పేరు బల్ల

2019 మార్చి 12, మంగళవారం. తెల్లవారుజాము నుంచి సన్నగా తుంపర. గాలి లేదు, ఉరుము లేదు. ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. ఇలాంటి వానకు గొడుగు వేసుకుంటే చెయ్యి నొప్పి, వేసుకోకపోతే జలుబు. అందుకే ఆ ఊళ్లో సగంమంది గొడుగు చంకలో పెట్టుకుని తడుస్తూ నడిచేవారు.

ఆ రోజు కూడా అత్తగారు ఎప్పటిలాగే అయిదింటికి లేచి, జుట్టు ముడి వేసుకుని, వస్తువుల్ని నిద్ర లేపడానికి వంటగదిలోకి వచ్చింది.

అత్తగారంటే చిన్నకోడలికి అత్తగారు. ఊరికి మాత్రం ఆవిడ పేర్లమ్మ. ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. పొయ్యితోనూ కుళాయితోనూ ఫ్యానుతోనూ సంస్కృతంలోనే మాట్లాడేది. అవి వినేవి. కుళాయి కారుతుంటే "అలం రోదనేన" అనేది, ఇక ఏడుపు చాలు అని. అది ముక్కు చీదినట్టు ఆఖరి చుక్క ఒకటి వదిలి ఊరుకునేది. ఫ్యాను ఒళ్లు తెలియకుండా తిరుగుతుంటే "శనైః శనైః" అనగానే తగ్గేది. వానకు ఉబ్బి బిగుసుకుపోయిన తలుపుకు "మార్గం దేహి" అంటే చాలు, కాస్త గొణిగి దారి ఇచ్చేది. అలాగని ఆ ఇంట్లో స్విచ్చులు లేకపోలేదు. మిగతావాళ్లందరూ స్విచ్చులే వాడేవారు. వస్తువులకు సంస్కృతం వచ్చు, మనుషులకు రాదు, అంతే తేడా. ఇందులో నోరెళ్లబెట్టాల్సింది ఏముంది? పక్కింటాయన కుక్కకు ఇంగ్లీషు వచ్చు.

రిటైరైన మర్నాడే ఆవిడకు ఉద్యోగం వచ్చింది. ఇంటి సామాన్లు తయారు చేసే ఒక కంపెనీకి ఆ ఊళ్లో ఫిర్యాదుల ఆఫీసు ఉండేది. కింద పెద్ద హాలు, హాల్లో వరసగా పన్నెండు ఫోన్లు. పైన మేడ మీద చిన్న గది, అందులో ఒక్కటే బల్ల, ఒక్కటే ఫోను. వస్తువులో ఏదైనా భాగం పాడైతే మెకానిక్ వెళ్లేవాడు. ఏ భాగమూ పాడవకుండా వస్తువు ఆగిపోతే మాత్రం ఆ ఫోను మేడ మీదికి వెళ్లేది. ఆ గదిలోని బల్లను పేరు బల్ల అనేవారు.

విషయం ఏమిటంటే, దీపం, తలుపు, కత్తెర లాంటి పాత వస్తువులకు ఎప్పటినుంచో పేర్లున్నాయి. కొత్తగా పెట్టెల్లో దిగే వాటికి ఉండేది మోడల్ నంబరు. నంబరు పెట్టి పిలిస్తే జైల్లో వాళ్లు తప్ప ఎవరు పలుకుతారు? కొన్నాళ్లు పనిచేసి, తనను ఎవరూ పిలవడం లేదని తెలిసి, ఒక రోజు అలిగి ఆగిపోయేవి. అప్పుడు పేర్లమ్మ ఫోనులో దానికి సంస్కృతంలో ఒక పేరు పెట్టి పలకరించేది. పేరు నచ్చితే వస్తువు లేచేది. ఆ రకం వస్తువులన్నిటికీ సాయంత్రానికల్లా ఊరంతటా ఆ పేరు తెలిసిపోయేది. ఫ్రిజ్జును హేమంతం అన్నది ఆవిడే. దుమ్ము లాగే మిషనుకు ధూళిభుక్ అని పెడితే అది మురిసిపోయి రెండు రోజులు ఎవరూ ఆన్ చేయకుండానే ఇల్లంతా తిరిగిందట. పేరు నచ్చకపోతే మాత్రం చిక్కే. ఆ గొంతు మాట ఆ రోజంతా ఇక వినదు. అందుకని పేర్లమ్మ తొందరపడేది కాదు. పేరు పెట్టే ముందు మూడు సంగతులు తెలియాలనేది: అది ఏం చేస్తుంది, ఎవరికి చేస్తుంది, అది లేని రోజు ఎలా గడుస్తుంది.

ఆ మూడూ అడిగే పని చిన్నకోడలిది. కింద హాల్లో ఏడో ఫోను ఆమెదే. ఫోను చేసినవాళ్లు చెప్పినదంతా ఓపిగ్గా విని, చీటీ మీద రాసి, కిటికీలోంచి వేలాడే బుట్టలో వేసేది. అత్తగారు పైనుంచి తాడు లాగేది. పదకొండేళ్లుగా అత్తాకోడళ్లు ఆఫీసులో ఆ తాడుతోనే మాట్లాడుకున్నారు. మూడు భాషల్లో తిట్లు తినడం, నాలుగో భాషలో క్షమాపణ చెప్పడం చిన్నకోడలికి వెన్నతో పెట్టిన విద్య. రాని భాష ఒక్కటే.

అది పెద్ద కథ. కాలేజీలో ఆమె కూడా సంస్కృతమే తీసుకుంది, మార్కులు ధారాళంగా వేస్తారని. క్లాసులో సగంమంది అందుకే తీసుకున్నారు. గైడు కొని, పదిహేను జవాబులు అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టి రాస్తే నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. పెళ్లయిన వారానికి భోజనాల దగ్గర బావగారు సంస్కృతంలో ఏదో అడిగాడు. ఆమె తడబడి ఉప్పు అందించింది. ఆయన అడిగింది మంచినీళ్లు. "తొంభై ఎనిమిది మార్కులమ్మా, ఆ రెండు మార్కులూ నీళ్ల దగ్గరే పోయాయి కాబోలు" అన్నాడాయన. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆమె పేరు తొంభై ఎనిమిది.

బావగారు, అంటే పేర్లమ్మ పెద్దకొడుకు, యూనివర్సిటీలో సంస్కృతం ప్రొఫెసరు. పొడుగ్గా, తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కాతో, ఏ సభలోనైనా రెండో వక్తగా ఉండే మనిషి. కంప్యూటరుకు ఇంతకన్నా తగిన భాష భూమ్మీద లేదని ప్రతి సభలోనూ చెప్పేవాడు. ఆయన కంప్యూటరు మాత్రం ఆయన మాట వినేది కాదు. ఇంట్లో కుళాయి సైతం ఆయన ఎంత పలకరించినా తన మానాన తాను కారుతూ ఉండేది. అందుకు ఆయన చెప్పే కారణం, ఈ కుళాయిలకు సంస్కారం తక్కువని. చిన్నకొడుకుకు, అంటే చిన్నకోడలి భర్తకు, ఈ గొడవే లేదు. సిటీ బస్సు డ్రైవరు. "నా బస్సుకు తిట్లు తప్ప ఏ భాషా రాదు, మా ఇద్దరికీ సరిపోయింది" అనేవాడు.

ఇక ఆ మంగళవారం సంగతి. అత్తగారు కుళాయి ముందు నిలబడి నోరు తెరిచింది. మాట రాలేదు. గొంతు సవరించుకుని మళ్లీ తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. చిన్నకోడలు వచ్చి చూసేసరికి ఆవిడ గొంతు మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. పొయ్యి, కుళాయి, ఫ్యాను, తలుపు, అన్నీ టీచరు మాట్లాడక నిలబడిపోయిన క్లాసులా ఆవిడ వైపే చూస్తూ చడీచప్పుడు లేకుండా ఉన్నాయి.

గొంతులో గడ్డ ఉందన్నారు డాక్టర్లు. తీసేస్తే మనిషికి ఢోకా లేదు, మాట మాత్రం తిరిగి రాదన్నారు. అత్తగారు పలక తెప్పించుకుని "తీసెయ్యండి" అని రాసింది. కుదురైన అక్షరాలు. ఆవిడ రాయగలదు, కానీ ఏం లాభం? వస్తువులకు వినడమే వచ్చు, చదవడం రాదు.

ఆఫీసులో సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. బొద్దుగా ఉండి, నిమిషానికోసారి చేతిరుమాలుతో మెడ తుడుచుకునే మంచివాడు ఆయన. పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ ఒకటో తారీకులోగా పేరు బల్లకు తగిన మనిషి దొరక్కపోతే ఆ బల్ల తీసేస్తారు. బల్లతో పాటు కింద పన్నెండు ఫోన్లూ తీసేస్తారు. వాటి బదులు రికార్డు గొంతు మిషను ఒకటి పంపిస్తారు. అది అందరికీ ఒకే జవాబు చెప్తుంది.

చిన్నకోడలు ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. ఏడో ఫోను దగ్గర కూర్చుని మేడ మెట్ల వైపు చూసింది. పదకొండేళ్లుగా తాడు కదిలినప్పుడల్లా ఆమె మనసులో ఒకే కోరిక: ఒక్క రోజు, ఒక్క పేరు, ఆ కుర్చీలో కూర్చుని తాను పెట్టాలని. మొగుడికి కూడా చెప్పలేదు. నీళ్లు అడిగితే ఉప్పు ఇచ్చిన మనిషి అలాంటి మాట బయట పెడితే గోడలు కూడా నవ్వుతాయి. వాటికీ సంస్కృతం వచ్చు మరి.

సూపర్‌వైజరే ఒకసారి మొహమాటంగా అడిగాడు. "ఇన్నేళ్లు ఆవిడ పక్కన ఉన్నావు. నీకు సంస్కృతం వచ్చా?"

"తొంభై ఎనిమిది వచ్చాయండి. సంస్కృతం రాలేదు" అంది చిన్నకోడలు.

ఆయన నవ్వి, మెడ తుడుచుకుని, బావగారికి కబురు పెట్టాడు.

బావగారు యూనివర్సిటీకి సెలవు పెట్టి, ఏడు సంపుటాల నిఘంటువు రిక్షాలో వేసుకుని వచ్చి పేరు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. తల్లి చేసిన పని చెడిపోకూడదనే వచ్చాడు. పొద్దున తొమ్మిదింటికి వచ్చి సాయంత్రం ఆరింటిదాకా పేజీలు తిరగేసేవాడు. కానీ చిన్నకోడలు పంపిన చీటీలను ఆయన చదివేవాడు కాదు. వాటిమీద టీ గ్లాసు పెట్టుకునేవాడు. వస్తువు ఏం చేస్తుందో తెలుసుకోవడానికి దాని కంపెనీ పుస్తకం చాలదా? ఎవరికి చేస్తే ఏమిటి? అది లేని రోజుతో పేరుకు సంబంధం ఏమిటి? అందుకని ఆయన పెట్టే పేర్లు తప్పు లేకుండా, నిండుగా, రైలుబండి అంత పొడుగ్గా ఉండేవి. రొట్టె కాల్చే చిన్న మిషనుకు ఆయన పెట్టిన పేరు పలకడం పూర్తయ్యేసరికి అవతల వాళ్లు రొట్టె చల్లగానే తినేసి ఆఫీసుకు వెళ్లిపోయారు. పది రోజుల్లో పద్నాలుగు వస్తువులు అలిగాయి. జుట్టు ఆరబెట్టే మిషను ఒకటి ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడదు.

ఈలోగా ఇంట్లో ఒక చిన్న సంగతి జరిగింది. అత్తగారు ఆసుపత్రిలో ఉంది. వంటగదిలో కుళాయి కారుతోంది. బిరడా ఎంత తిప్పినా ఆగలేదు. చిన్నకోడలు గిన్నెలు తోముతూ, బుర్రలో ఇంకేదో ఆలోచిస్తూ, పదకొండేళ్లుగా రోజూ చెవిన పడిన మాట నోటికి వచ్చి "అలం రోదనేన" అంది. కుళాయి ఆగింది.

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. తరవాత మెల్లగా ఫ్యాను వైపు తిరిగి "శనైః శనైః" అంది. ఫ్యాను తగ్గింది. తలుపు దగ్గరికి వెళ్లి చూసింది. అది ఆమె నోరు తెరవకముందే దారి ఇచ్చింది. గైడులో బట్టీపట్టిన పదిహేను జవాబుల్లో ఈ మాటలు ఒక్కటీ లేవు. రా, కూర్చో, అలిసిపోయావా, ఇక చాలు, నన్ను మన్నించు: ఇంట్లో మనిషికీ మనిషికీ మధ్య తిరిగే మాటలు ఇవి. పప్పు ఉడుకుతున్నప్పుడు వాసన బట్టలకు పట్టినట్టు అవి ఆమెకు పట్టేశాయి. ఎప్పుడు పట్టాయో ఆమెకే తెలియదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే బావగారు వ్యాకరణం అడుగుతాడు.

మార్చి 29, శుక్రవారం. వాన పొద్దున్నే ఒక పట్టు పట్టి, పదింటికల్లా వంతెన మీదికి నీళ్లు తెచ్చేసింది. పదకొండుకు ఏడో ఫోను మోగింది.

ఫోను చేసింది వంతెన అవతల ఉండే గడియారాల మెకానిక్ భార్య. డెబ్బై దాటిన మనిషి. భర్తకు ఊపిరితిత్తులు సగమే పనిచేస్తాయి. గాలిలోంచి ప్రాణవాయువు లాగి ముక్కుకు అందించే మిషను ఒకటి మంచం పక్కన రెండేళ్లుగా ఆగకుండా నడుస్తోంది. ఇప్పుడు ఆగింది. కరెంటు ఉంది, దీపం వెలుగుతోంది, కంపెనీ మెకానిక్ ఫోనులో చెప్పినవన్నీ చేసి చూశారు. ఏ భాగమూ పాడవలేదు. అవసరానికని దాచిన సిలిండరు తగిలించారు, దాని ముల్లు చివరికి వచ్చేసింది. అరగంట వస్తుందేమో. అంబులెన్సు వంతెన ఇవతలే ఆగిపోయింది.

ముసలామె ఇదంతా గబగబా చెప్పింది. చిన్నకోడలు గొంతు పెంచలేదు. అలవాటైన మూడు మాటలూ అడిగింది. మొదటి రెండూ ముసలామె చెప్పేసినవే. మూడోది అడగడానికి ఒక్క క్షణం వెనకాడి అడిగింది. అది లేని రోజు ఎలా గడుస్తుందమ్మా?

"అది లేని రోజు ఎప్పుడుందమ్మా" అంది ముసలామె. "ఆయన పక్కన నేను పడుకుంటే నాకు నిద్ర పడుతుంది. దానికి పట్టదు. ఆయన దగ్గితే నాకన్నా ముందు అదే అంటుంది, గురగురా. పోయిన ఏడాది మా పెళ్లిరోజున ఆయనేమన్నాడో తెలుసా? నాకిద్దరు, ఒకతె మాట్లాడుతుంది, ఒకతె ఊపిరి పోస్తుంది అని. నేను కొట్టబోయాను."

చిన్నకోడలు చీటీ మీద ఇదంతా రాసి, బుట్టలో వేసి, ఫోను మేడ మీదికి ఇచ్చింది. తన చెవి దగ్గర ఫోను మాత్రం కింద పెట్టలేదు. అలా వినకూడదు, కానీ విన్నది.

బావగారు ఆ రోజు చీటీ చదవలేదు, తీయనే లేదు. సమయం లేదని ఆయనకూ తెలుసు. ముసలామెను ఫోను మిషను దగ్గర పెట్టమని, గొంతు సవరించుకుని "వాయుమండలస్థప్రాణవాయుసాంద్రీకరణయంత్ర" అని పిలిచాడు. ఏమీ కాలేదు. నిఘంటువు మూడో సంపుటం పేజీల చప్పుడు వినిపించింది. ఇంకో పేరు పలికాడు, ఇంకాస్త పొడుగుది. ఏమీ కాలేదు. నాలుగో సంపుటం. మూడో పేరు కూడా పలికాడు. సిలిండరు ముల్లు పడిపోతోందని ముసలామె అంది. ఆవిడ ఏడవడం లేదు, ముల్లు ఎక్కడుందో చెబుతోంది, అంతే. అదే భరించడం కష్టంగా ఉంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఇస్త్రీ చొక్కా నలిగి, కళ్లజోడు చేత్తో పట్టుకుని బావగారు హాల్లోకి దిగాడు. పన్నెండు ఫోన్ల వాళ్లూ తలెత్తారు. ఆయన అంతకు ముందెప్పుడూ పని మధ్యలో కిందికి దిగలేదు. తిన్నగా ఏడో ఫోను దగ్గరికి వచ్చాడు.

"నా మాట వినడం లేదమ్మా. ఇక ఈ రోజు వినదు. నువ్వు పిలు."

"నాకు రాదు బావగారూ."

"నాకు వచ్చు, ఏమైందో చూశావుగా. పిలు తల్లీ."

ఇన్నేళ్లలో ఆయన ఆమెను తొంభై ఎనిమిది అనకుండా మాట్లాడడం అదే మొదలు. చిన్నకోడలు ఆ సంగతి అప్పుడు గమనించలేదు. ఆమె కళ్లు మూసుకుంది. ఎదుట నిఘంటువు లేదు. ఎదుట ఉన్నది ఒక మంచం, మంచానికి ఒక వైపు ముసలామె, రెండో వైపు గురగురమంటూ నిద్రపోని ఇంకో మనిషి. రెండేళ్లు రెప్ప వెయ్యకుండా పక్కనున్న మనిషికి ఎవరూ పేరు పెట్టలేదు. పైగా ఇవాళ మూడుసార్లు రైలుబండి పేరు పెట్టి పిలిచారు. ముందు ఏమనాలో ఆమెకు తెలిసిపోయింది. ఫోను దగ్గరికి తీసుకుని, చంటిపిల్లను లేపే గొంతుతో అంది.

"క్షమస్వ."

మన్నించు అని. హాల్లో మిగతా ఫోన్లు మోగుతున్నా ఎవరూ ఎత్తలేదు.

"శ్రాంతాసి కిమ్?"

అలిసిపోయావా అని. అవతల చప్పుడు లేదు. కానీ ఆ మౌనంలో ఏదో తేడా ఉంది. కోపంగా అటు తిరిగి పడుకున్న మనిషి చెవి ఇటు పెట్టినప్పుడు ఉండే మౌనం అది. పదకొండేళ్లుగా ఫోనులో జనం మౌనాలు విన్న మనిషికి ఆ తేడా తెలుస్తుంది.

"ప్రాణసఖి, ఏహి."

ప్రాణానికి నేస్తమా, రా.

ముందు ఒక దగ్గు లాంటిది వినిపించింది. ముసలాయనదా, మిషనుదా తెలియలేదు. ఆ తరవాత తుమ్మెద రొద లాంటి సన్నని మోత మొదలై, కాస్త హెచ్చి, స్థిరపడింది. గురగుర, గురగుర. దాని మీంచి ముసలామె గొంతు, మొదటిసారి తడిగా: "లేచిందమ్మా. లేచింది మీ దుంపతెగ. ఆయన నవ్వుతున్నాడు."

హాల్లో పన్నెండుమందీ ఒకేసారి లేచి నిలబడ్డారు. ఒకామె కుర్చీ ఎక్కింది, ఎందుకో ఆమెకే తెలియదు. సూపర్‌వైజరు చేతిరుమాలుతో ఈసారి మెడ కాక కళ్లు తుడుచుకున్నాడు. బావగారు ఆ ఏడో ఫోను పక్కనే నేల మీద చతికిలబడి, గోడకు ఆనుకుని, రెండు చేతులతో మొహం రుద్దుకుంటూ "ప్రాణసఖి, ప్రాణసఖి" అని పదిసార్లు అనుకున్నాడు. తప్పు వెతకడానికి కాదు. నోటికి బాగుందని. మధ్యాహ్నం మూడింటికల్లా ఊళ్లో ఆ రకం మిషను ఉన్న ప్రతి ఇంటినుంచీ ఫోన్లు వచ్చాయి. ఫిర్యాదులు కావు. తమ మిషను మోత మారిందని, కూనిరాగం తీస్తున్నట్టుందని, ఏమైందని అడిగే ఫోన్లు.

సాయంత్రం బస్సు డిపోలో పెట్టేసి వచ్చిన మొగుడు, విషయం విని, "రేపు నా బస్సుతో కూడా ఒక మాట మాట్లాడు. బ్రేకు నా మీద కక్ష కట్టింది" అన్నాడు. ఆయన పొగడ్త అంతకన్నా పొడుగు పోదు.

ఆసుపత్రిలో చిన్నకోడలు మంచం పక్కన కూర్చుని జరిగింది చెప్పింది. పేరు చెప్పే చోటికి వచ్చేసరికి ఆమెకు సిగ్గు వేసి ఆగింది. అత్తగారు పలక మీద వేలితో టకటకా కొట్టింది, చెప్పవే అన్నట్టు. చెప్పింది. గొంతుకు కట్టు ఉన్న మనిషి చప్పుడు లేకుండా నవ్వడం ఎలా ఉంటుందో ఆ గదిలో నర్సు ఆ రోజు చూసింది: మంచమంతా ఊగింది. నవ్వడం అయ్యాక ఆవిడ పలక తీసుకుని, తీరిగ్గా, కుదురైన అక్షరాల్లో రాసింది. "నాకు తట్టేది కాదు."

ముప్పై ఒక్క ఏళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి అది. తొంభై ఎనిమిది చాలామందికి వేసింది. ఆ మాట ఎవరికీ రాయలేదు.

ఏప్రిల్ ఒకటిన రికార్డు గొంతు మిషను రెండు పెద్ద పెట్టెల్లో దిగింది. పైఆఫీసు వాళ్లకు ఇంకా కబురు అందలేదు. బిగించడానికి వచ్చిన కుర్ర ఇంజనీరు టై కట్టుకుని హుషారుగా ఉన్నాడు. చిన్నకోడలు అప్పటికి మేడ మీది కుర్చీలో కూర్చుంది. ఎవరూ ఆమెను కూర్చోమనలేదు, లేవమననూ లేదు. పెట్టెలు చూసి, అది కూడా వస్తువే కదా, మర్యాద చేయాలని ఇంజనీరును పిలిచి అడిగింది. ఇది ఏం చేస్తుంది బాబూ? మీ ఫోను మాకెంతో ముఖ్యం అని చెబుతుందన్నాడు. ఎవరికి? అందరికీ. ఇది లేని రోజు ఎలా గడుస్తుంది? ఇంజనీరు నిజాయితీ ఉన్న పిల్లాడు. చాలాసేపు ఆలోచించాడు. కింద హాల్లోంచి పదకొండు గొంతులు వినిపిస్తున్నాయి. ఒకామె ఎవరికో కుక్కరు మూత ఎలా తియ్యాలో చెబుతూ పాట కూడా పాడుతోంది.

"బాగానే గడుస్తుందండీ" అన్నాడు చివరికి.

ఆ పెట్టెలు వచ్చిన బండిలోనే వెనక్కి వెళ్లాయి. వారం తిరక్కుండా పైఆఫీసు నుంచి చిన్నకోడలి పేర ఉత్తరం వచ్చింది, ఆమెను పేరు బల్లకు నియమించినట్టు. అంతకుముందు పైకి పంపిన కాగితంలో అర్హత అనే గడిలో ఏం రాయాలో తెలియక సూపర్‌వైజరు "పిలిస్తే పలుకుతాయి" అని రాశాడట. పైవాళ్లు దాన్ని కొట్టేయలేదు. ఆ తరవాత మూడేళ్లలో ఆమె నూట నలభై పేర్లు పెట్టింది. అందులో ఒక్కటి కూడా నాలుగు అక్షరాలు దాటలేదు. వంతెన అవతల గడియారాల మెకానిక్ ఇంకో రెండు పెళ్లిరోజులు చేసుకున్నాడు.

అత్తగారు ఇంటికి వచ్చి మూడేళ్లు హాయిగా బతికింది. పొద్దున అయిదింటికి లేచి వంటగదిలో స్టూలు మీద కూర్చునేది. కోడలు వస్తువులతో మాట్లాడుతుంటే వినేది. ఎప్పుడైనా మాట కాస్త అటూ ఇటూ అయితే పలక ఎత్తేది కాదు. కుళాయి ఆగింది కదా, ఇంకేం అన్నట్టు చేత్తో గాలిని తోసేసేది. 2022 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, ఎండగా ఉన్న రోజున, ఆ స్టూలు మీదే గోడకు ఆనుకుని కన్ను మూసింది. ఇంట్లో ఫ్యాన్లన్నీ తమంతట తామే తగ్గాయి.

పదమూడో రోజు గడిచాక ఆవిడ లాయరు వచ్చి వీలునామా చదివాడు. ఇల్లు చిన్నకొడుకుకు, వాడికి బస్సు తప్ప ఏమీ లేదు కాబట్టి. బ్యాంకులో ఉన్నది పెద్దకొడుకు కూతురి చదువుకు, అది ఏ చదువైనా సరే. గాజులు పెద్దకోడలికి. గోడ గడియారం సూపర్‌వైజరుకు. ఏడు సంపుటాల నిఘంటువు, రాసుకున్న నోటు పుస్తకాలు, పలక పెద్దకొడుకుకు. ఆయన పలక చేతిలోకి తీసుకుని చాలాసేపు దాని అంచులు తుడిచాడు.

చిన్నకోడలి పేరు రాలేదు. లాయరు కాగితం తిప్పి వెనక చూశాడు. బావగారు కంగారుపడి, ఇందులో ఏదో పొరపాటు జరిగిందని, అమ్మ అలా చేయదని, నిఘంటువు ఆమెకే ఇచ్చేస్తానని మొదలుపెట్టాడు. అప్పుడు లాయరు కాగితం అడుగున సన్నగా రాసిన ఆఖరి మాటలు చదివాడు. "చిన్నకోడలి పేరు మరిచిపోయి వదల్లేదు. నేను బతికుండగానే, అడక్కుండా, నాకు తెలియకుండా, నా దగ్గరున్నదంతా పట్టుకుపోయింది. ఇక దానికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు."

అలా చిన్నకోడలికి ఏమీ రాలేదు. ఆ మాటలు విని ఆ గదిలో అందరికన్నా గట్టిగా, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది ఆమే.